శ్రద్ధ ఎక్కువైతే ప్రాణం పోతుందా?

మా అమ్మాయి చిన్నప్పుడు శనివారం పొద్దున్నే డిస్నీ సినిమాలు పెట్టుకునేది. ‘స్లీపింగ్ బ్యూటీ’ పెడితే పావుగంటకే రంగుల పుస్తకం ముందేసుకునేది. ‘101 డాల్మేషియన్స్’ పెడితే మాత్రం అన్నానికి పిలిచినా కదిలేది కాదు. ప్రోగ్రాముల్లో తప్పులు వెతుక్కుంటూ బతికేవాణ్ణి కదా, తేడా ఎక్కడుందో చూద్దామని ఆ రెండు సినిమాల చరిత్రా తిరగేశాను.

మొదటిది 1959లో వచ్చింది. ఖర్చు సుమారు 60 లక్షల డాలర్లు. అప్పటిదాకా డిస్నీ తీసిన బొమ్మల సినిమాల్లో అంత ఖరీదైనది లేదు. ఐవిండ్ ఎర్ల్ అనే చిత్రకారుడు మధ్యయుగపు చిత్రాల పద్ధతిలో, ఆకు ఆకూ విడిగా కనిపించేలా అడవిని గీశాడు. ఆ నేపథ్యానికి తగ్గట్టు మనుషుల్నీ నిలువు గీతల్లో బిగించారు. దాదాపు ప్రతి పెన్సిలు బొమ్మనీ పారదర్శకమైన రేకు మీద చేత్తో సిరాతో దిద్దారు. తీరా విడుదలయ్యాక పెట్టిన డబ్బు వెనక్కి రాలేదు. కథలో పస లేదన్నారు కొందరు విమర్శకులు. స్టూడియోలో చాలామంది ఉద్యోగాలు పోయాయి.

రెండోది 1961లో వచ్చింది. అప్పటికి అబ్ ఐవర్క్స్ జిరాక్స్ పద్ధతిని బొమ్మల సినిమాకి అనువుగా మలిచాడు. చిత్రకారుడి పెన్సిలు గీత గరుకుతో సహా నేరుగా రేకు మీదికెక్కింది. ఆ గరుకుదనం వాల్ట్ డిస్నీకి నచ్చలేదు. జనానికి నచ్చింది.

అయితే శ్రద్ధే ప్రాణం తీసిందా? అలాగే అనుకునేవాణ్ణి. కానీ ‘స్లీపింగ్ బ్యూటీ’లోనే మలెఫిసెంట్ అనే మంత్రగత్తె ఉంది. ఆమె తెరమీదికి రాగానే మా అమ్మాయి రంగులు పక్కన పెట్టేసేది. రాకుమారి అరోరాకీ, ఈ మంత్రగత్తెకీ, తర్వాతి సినిమాలో క్రూయెల్లాకీ కదలిక నేర్పింది ఒక్కడే, మార్క్ డేవిస్. చెయ్యి అదే, ఓపికా అదే. మంత్రగత్తెకి తనని విందుకి పిలవలేదన్న కోపం ఉంది. రాకుమారికి కథ అప్పజెప్పిన ముఖ్యమైన పని నిద్రపోవడం!

యంత్రం వస్తే కళ చచ్చిపోతుందంటాం. ఇక్కడ యంత్రమే చిత్రకారుడి గీతని బతికించింది. కానీ ఏళ్ల తరబడి ఆ గీతల్ని దిద్దిన ఆడవాళ్లలో చాలామందికి పని లేకుండా చేసింది. మనుషుల పని కంప్యూటరుకి అప్పగించి జీతం తీసుకునేవాణ్ణి కనుక, ఆ సంగతిని చదివి ఊరుకోలేకపోయాను.

ఇప్పుడు ‘స్లీపింగ్ బ్యూటీ’ చూసినప్పుడల్లా నా చూపు ఆ సన్నని సిరా గీతల మీదికే పోతుంది. ఎక్కడా చెయ్యి వణకలేదు.