దివాన్ గారి ఉత్తరం, తమ్ముడి దినచర్య



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. ముప్పై ఏళ్ళకు పైగా తపాలు విప్పి, నంబర్లు వేసి, చిత్తు ప్రతులు తయారు చేసి, జవాబులు పంపిన గుమాస్తాను నేను. అందుచేత నాకు యుద్ధాలూ పట్టాభిషేకాలూ తోచలేదు. ఒక ఉత్తరం, ఒక డైరీ తోచాయి. రెండూ ఒకే చిత్రకారునికి సంబంధించినవి.

మనలో చాలామంది చిన్నతనంలో పూజ గదిలోనో, నట్టింటి గోడ మీదనో చట్రం కట్టిన పటాలు ఉండేవి. తామర పువ్వు మీద నిలుచున్న లక్ష్మీదేవి, వీణ పట్టిన సరస్వతీదేవి. అమ్మ శుక్రవారం నాడు ఆ గాజు తుడిచి బొట్టు పెట్టేది. ఆ రూపాలను దిద్దిన వాడు రాజా రవివర్మ అని చాలామందికి తెలుసు. అయితే రాజుల మేడలలో ఉండవలసిన చిత్రాలు మన పెంకుటింటి గోడ మీదికి ఎలా వచ్చాయి? ఆ దారి ఒక ఉత్తరంతో మొదలైంది.

రవివర్మ 1848 ఏప్రిల్ 29న తిరువాన్కూరు సంస్థానంలోని కిళిమానూరులో పుట్టారు. పద్నాలుగో ఏట మేనమామ ఆయనను తిరువనంతపురం రాజాస్థానానికి తీసుకు వెళ్ళారు. 1868లో థియోడర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు ఆస్థానానికి వచ్చాడు. తైలవర్ణాల మర్మం నేర్పడానికి ఆయన ఒప్పుకోలేదు. తాను బొమ్మ వేస్తుండగా చూడనిచ్చాడు, అంతే. చూసి నేర్చుకున్న విద్యతోనే రవివర్మ 1873లో మద్రాసు ప్రదర్శనలో బహుమతి పొందారు. మల్లెపూలు ముడుచుకుంటున్న నాయర్ వనిత చిత్రం అది. అక్కడి నుంచి రూపచిత్రాల కోసం సంస్థానాధీశులూ, పెద్ద దొరలూ ఆయనకు కబురు పెట్టసాగారు.

రూపచిత్రం వేసేవాడి జీవితం పరిచయాల మీద నడుస్తుంది. ఎదురుగా కూర్చునేవారు సామాన్యులు కారు. వారి సమయం అడగాలి, మధ్యవర్తుల ద్వారా కబురంపాలి, బేరం మర్యాదగా తేల్చుకోవాలి, బాకీ మరింత మర్యాదగా గుర్తు చేయాలి. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే సగం పని కుంచెది, సగం పని కలానిది.

రవివర్మకు కలిసివచ్చిన పెద్ద పరిచయం సర్ టి. మాధవరావు గారిది. ఈ తంజావూరు మరాఠీ పెద్దమనిషి 1857 నుంచి 1872 వరకు తిరువాన్కూరు దివాన్. రవివర్మ కుర్రవాడుగా అక్కడ రంగులు నూరుకుంటున్న రోజులవి. తరువాత ఆయన బరోడా పాలన చేపట్టారు. 1881లో యువకుడైన మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ అధికారం స్వీకరించే సందర్భంలో రవివర్మను అక్కడికి పిలిపించారు. ఆ పిలుపుతో ఉత్తరాది సంస్థానాల తలుపులు తెరుచుకున్నాయి. తరువాతి కాలంలో అదే బరోడా కోసం రవివర్మ పద్నాలుగు పురాణ చిత్రాలు వేశారు.

ఇక అసలు ఉత్తరం సంగతి. 1884 నాటికి మాధవరావు గారు బరోడా వదిలి మద్రాసులో విశ్రాంత జీవితం గడుపుతున్నారు. మనలాగే అనుకోండి. ఆయన రవివర్మకు ఒక సలహా వ్రాశారు. మీ చిత్రాలు కావాలనే వారు ఎందరో ఉన్నారు, ఉన్నవి రెండు చేతులే, అందరికీ వేసి ఇవ్వలేరు. కనుక ఎంపిక చేసిన కొన్నిటిని ఐరోపాకు పంపి అచ్చు వేయించండి, మీకు కీర్తి, దేశానికి సేవ అని దాని సారాంశం. మన లెక్కలో అది పాత పై అధికారి వ్రాసిన డి.ఓ. లెటరు లాంటిది. ఆజ్ఞ కాదు, కానీ మనసులో నిలిచిపోతుంది.

ఆ ఉత్తరంలోని మాట ఆచరణకు రావడానికి పదేళ్ళు పట్టింది. ఐరోపాకు పంపడం కాక, జర్మనీ యంత్రాలూ పనివారితో 1894లో బొంబాయిలోనే అచ్చుకూటం పెట్టారు. మొదట వెలువడినది శకుంతల జననం. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి మీద బొమ్మ గీసి, ఒకదాని మీద ఒకటి అద్ది తీసే అచ్చు అది. ఊళ్ళో ప్లేగు ప్రబలడం, అప్పులు పెరగడం వల్ల లోనావ్లా దగ్గరి మళవలికి తరలించారు. చివరకు ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మనీ దేశస్థునికి అమ్మివేశారు. చిత్రకారునికి ధనం మిగలలేదు. కానీ గుడిలోకి అడుగుపెట్టనివ్వని వారి ఇంటికి కూడా దేవుడి పటం చేరింది. దివాన్ గారు అన్న దేశసేవ అదే కాబోలు.

ఇవన్నీ ఇంత వివరంగా ఎలా తెలిశాయి? ఇక్కడ తమ్ముడి ప్రస్తావన వస్తుంది.

సి. రాజరాజవర్మ అన్నగారి కంటే పన్నెండేళ్ళు చిన్న. తానూ మంచి చిత్రకారుడు, ప్రకృతి దృశ్యాలు వేయడంలో దిట్ట. వారి చెల్లెలు మంగళాబాయి కూడా చిత్రకారిణే. ఇంగ్లీషు బాగా వచ్చిన తమ్ముడు అన్నగారి ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపాడు, ప్రయాణాలు కుదిర్చాడు, చిత్రాలలో చేయి కలిపాడు. అంటే గుమాస్తా, సెక్రటరీ, శిష్యుడు అన్నీ ఆయనే. 1895 నుంచి 1904 దాకా ఇంగ్లీషులో దినచర్య వ్రాసిపెట్టాడు. ఎవరిని కలిశారు, ఏ బొమ్మ మొదలుపెట్టారు, ఏ నాటకం చూశారు, ఎక్కడ నిరీక్షించారు, అన్నీ అందులో ఉన్నాయి.

మన హైదరాబాదు కూడా ఆ కథలో ఉంది. 1902లో అన్నదమ్ములిద్దరూ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆదరణ ఆశించి వచ్చారు. సుప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళ్ వారికి ఆతిథ్యం ఇచ్చారు. కెమెరా వచ్చి కుంచెకు పోటీ అయిన కాలంలో, కెమెరా వాడు కుంచె వాడికి ఇల్లు చూపించాడన్న మాట. ఆశించినంత ఫలితం మాత్రం దక్కలేదు. దేశమంతా పేరున్న మనిషి కూడా పెద్దల దర్శనం కోసం పడిగాపులు పడవలసి వచ్చిందంటే, పెన్షను కాగితాల కోసం వరండాలలో కూర్చున్న మనకు కొంత ఊరట కలుగుతుంది.

1904లో ప్రభుత్వం రవివర్మకు కైసర్-ఎ-హింద్ స్వర్ణపతకం ఇచ్చింది. 1905 ప్రారంభంలో తమ్ముడు కన్నుమూశాడు. అదే సంవత్సరం దీనదయాళ్ పోయారు. తమ్ముడు లేని రవివర్మ ఎక్కువ కాలం నిలవలేదు. 1906 అక్టోబరు 2న కిళిమానూరులో తనువు చాలించారు. మళవలి అచ్చుకూటం కూడా 1972లో అగ్నికి ఆహుతి అయింది. తమ్ముడి డైరీ మాత్రం మిగిలింది. న్యూమాయర్, షెల్బర్గర్ అనే ఇద్దరు విదేశీయులు పరిష్కరించగా 2005లో పుస్తకంగా వెలువడింది. వ్రాసినవాడు పోయిన నూరేళ్ళకు!

ఇక నా మాట ఒకటి చెప్పుకుని ముగిస్తాను. మా నాన్నగారికి వచ్చిన ఉత్తరాలన్నీ వసారాలో ఇనుప తీగకు గుచ్చి ఉండేవి. మా తాతగారి దస్తూరీ, మేనత్త కష్టసుఖాలు, పెళ్ళిసంబంధాల బేరాలు అన్నీ అందులో ఉండేవి. నాన్నగారు పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ, ఆ కట్టను నా చేతులతోనే పాత కాగితాలవాడికి తూచి ఇచ్చాను. ఆఫీసులో ఏ ఫైలు ఎల్.డిస్., ఏది ఆర్.డిస్. అని ఆచి తూచి నిర్ణయించిన వాడినే. శాశ్వతంగా ఉంచవలసిన కాగితాన్ని ఏడాదికి చింపివేస్తే సంజాయిషీ అడిగేవారు. ఇంట్లో నన్ను అడిగేవారు లేకపోయారు. మేనత్త మనుమరాలు మొన్న వచ్చి, మా నానమ్మ చేతివ్రాత ఒక్కటైనా ఉందా మామయ్యా అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

కనుక మిత్రులారా, మీ ఇళ్ళలో పాత ఉత్తరాలుంటే ఒక రేకు పెట్టెలో వేప ఆకు వేసి దాచండి. ఫొటోల వెనుక పేర్లు, సంవత్సరం పెన్సిలుతో వ్రాయండి. వీలైతే రోజుకు నాలుగు పంక్తులు మీరూ వ్రాయండి. మన ఇళ్ళలో రవివర్మలు లేకపోవచ్చు. అన్నగారి వెనుక నిలబడి అన్నీ చూసిన తమ్ముడి వంటి వారు మాత్రం మన సంఘం నిండా ఉన్నారు.

సెలవు.