‘ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే’: ద్వారకా తిరుమల చెప్పే కథ

శనివారం సాయంత్రం, మీరు హైదరాబాద్‌లో ఉన్నారనుకోండి. జేబులో బస్సు చార్జీ మాత్రమే ఉంది. అయినా సరే, రవీంద్రభారతిలో ఒక కూచిపూడి నృత్యమో, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒక నాటకమో చూసి రావచ్చు. అక్కడ చాలా ప్రోగ్రాములకి గేటు దగ్గర టికెట్ అడగరు. విజయవాడలో అయితే తుమ్మలపల్లి కళాక్షేత్రం ఉంది. ఇలాంటి ప్రోగ్రాముల ఆహ్వానపత్రికల కింద ఒక లైను కనిపిస్తుంది: ‘ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే.’

ఈ ఎపిసోడ్ ఆ ఒక్క లైను గురించే. అందులో అసలు మాటలు రెండు. ఒకటి ‘ఉచితం’, రెండోది ‘అందరూ’. ఈ రెండూ ఒకే రోజు పుట్టలేదు. ఎలా పుట్టాయో తెలియాలంటే సిటీ వదిలి ఏలూరు వైపు వెళ్లాలి. భీమడోలు దగ్గర హైవే దిగి లోపలికి వెళ్తే ద్వారకా తిరుమల. మనవాళ్లు చిన్న తిరుపతి అంటారు.

ఈ గుడిలో ఒక విశేషం ఉంది. గర్భగుడిలో వేంకటేశ్వరుడి మూర్తులు రెండు. స్థలపురాణం ప్రకారం ద్వారక మహర్షి తపస్సు చేస్తే పుట్టలో స్వామి స్వయంభువుగా వెలిశాడు. ఆ మూర్తి వక్షస్థలం నుంచి పైకే కనిపిస్తుంది, పాదాలు కనిపించవు. పాదపూజ లేకపోతే ఎలా అని వెనకాల నిలువెత్తు మూర్తిని రామానుజాచార్యులు ప్రతిష్ఠించారని చెప్తారు. అందుకే ఇక్కడ కల్యాణోత్సవాలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి. వైశాఖంలో స్వయంభువు మూర్తికి, ఆశ్వయుజంలో ప్రతిష్ఠించిన మూర్తికి.

అంటే ఏడాదికి రెండు సీజన్లు అన్నమాట. ఉత్సవాల రోజుల్లో వీధుల్లో వాహన సేవ, వేదిక మీద హరికథ, బుర్రకథ, కూచిపూడి, భజనలు. చూడ్డానికి ఎవరూ రూపాయి కట్టక్కర్లేదు.

మరి ఖర్చు ఎవరిది? ఇప్పుడున్న గుడిని కట్టించింది మైలవరం జమీందారు ధర్మా అప్పారావు. ఆయన కాలం 1762-1827 అని ఆలయ చరిత్ర చెప్తుంది. బంగారు నగలు, వెండి వాహనాలు ఇచ్చింది అదే సంస్థానానికి చెందిన రాణి చిన్నమ్మారావు. ఆమె కాలం 1877-1902. ఈ గుడికి వంశపారంపర్య ధర్మకర్తలు ఇప్పటికీ ఆ కుటుంబం వాళ్లే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. జమీందారుకి డబ్బు ఎక్కడిది? రైతు కట్టిన శిస్తు. పంట పండినా ఎండినా కట్టాల్సిన శిస్తు. అందులో కొంత కంపెనీ సర్కారుకి పేష్కష్‌గా పోయేది, మిగిలిన దాంట్లోంచే దానధర్మాలు. అంటే ఉత్సవం రోజు ఊరివాళ్లు ‘ఊరికే’ చూసింది నిజానికి ఊరికే కాదు. వాళ్ల డబ్బులు పంట కళ్లంలోనే కట్టేశారు.

ఇంకా పెద్ద ప్రశ్న ఉంది. కట్టినవాళ్లందరినీ లోపలికి రానిచ్చారా? లేదు. ఆ పొలాల్లో చాకిరీ చేసిన దళితులకి మద్రాసు ప్రెసిడెన్సీ గుళ్లలో ప్రవేశం లేదు. అది హక్కుగా రావడానికి 1947లో వచ్చిన మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. కాబట్టి ‘ఉచితం’ అనే మాట పాతదే. దాని పక్కన ‘అందరూ’ అనే మాటకి చట్టం అండ వచ్చి ఇంకా వందేళ్లు కూడా కాలేదు.

ఈ మధ్యలో టికెట్టు కూడా వచ్చింది. 1880ల్లో ధార్వాడ నాటక సమాజం వాళ్లు కోస్తా ఊళ్లలో ఆడివెళ్లాక మన దగ్గర నాటకాల పిచ్చి మొదలైంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో సురభి నాటక సమాజం పుట్టింది. టికెట్టు వల్ల ఒక మేలు జరిగింది. జమీందారు దయ లేకపోయినా కళాకారుడు బతకగలిగాడు. ఒక నష్టం కూడా ఉంది. డబ్బుల్లేనివాడు డేరా బయటే ఉండిపోయాడు.

గుడి ప్రాకారం, టికెట్ కౌంటరు, ఈ రెండూ లేని మూడో చోటు మైదానం. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథని అక్కడికి తీసుకెళ్లింది. తంబురా పట్టుకుని కథ చెప్పేవాడు మధ్యలో, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒక వంత నవ్విస్తాడు. ఇంకో వంత రాజకీయం మాట్లాడతాడు, అంటే పాత కథ మధ్యలో ఇవాళ్టి ధరలూ, దొరల దోపిడీ గురించి ఒక చురక అంటిస్తాడు. ఈ కళకి పెద్ద పేరు తెచ్చిన షేక్ నాజర్ పేద ముస్లిం కుటుంబంలో పుట్టారు. పల్నాటి యుద్ధం కథ ఆయన చెప్తుంటే జనం రాత్రంతా కూర్చునేవాళ్లు. 1986లో పద్మశ్రీ వచ్చింది. నేల మీద ఎవరి పక్కన ఎవరు కూర్చున్నా అడిగేవాడు లేని చోటు అది.

తర్వాత 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. కళని పోషించే పని మెల్లగా దేవస్థానాలు, ప్రభుత్వం, ఊరి కళా సమితులు పంచుకున్నాయి. ఠాగూర్ శతజయంతి సందర్భంగా కట్టిన రవీంద్రభారతి 1961లో మొదలైంది. ఈరోజు ద్వారకా తిరుమల వేదికని నడిపేది దేవస్థానం, అంటే భక్తుల కానుకలు. సర్కారు ప్రోగ్రాముకైతే మన పన్ను. చిన్న సభల్లో ఎవరో ఒక రిటైరైన మాస్టారు హాలు అద్దె సొంతంగా కడతారు. కొన్నిసార్లు కళాకారులే చార్జీలు పెట్టుకుని వస్తారు.

చూశారా, ఉచితం అంటే ఖర్చు లేదని కాదు. ఇంకెవరో ముందే కట్టారని. ‘అందరూ’ అంటే ఒకప్పుడు కొందరు గేటు బయట నిలబడ్డారని.

టికెట్టు కొన్న సినిమా నచ్చకపోయినా చివరిదాకా కూర్చుంటాం, డబ్బులు పెట్టాం కాబట్టి. ఉచిత ప్రోగ్రాములో పది నిమిషాలకే ఫోను తీస్తాం, లేచి వెళ్లిపోతాం. కాళ్లకి గజ్జెలు, చేతిలో చిరతలు, ఒక్క మనిషే రాముడూ రావణుడూ అయ్యే హరికథ పది నిమిషాల్లో దొరకదు. ఆదిభట్ల నారాయణదాసు గారు దాన్ని అలా తీర్చిదిద్దలేదు. కథలోకి వెళ్లడానికే ఒక అరగంట పడుతుంది.

అందుకని ఈ శని, ఆదివారాల్లో మీకు దగ్గర్లో ఏ ప్రోగ్రాము ఉందో చూడండి. వైశాఖంలోనో ఆశ్వయుజంలోనో వీలైతే ద్వారకా తిరుమలలో ఒక సాయంత్రం గడపండి. ముందు వరసలో ఖాళీ ఉంటే అక్కడే కూర్చోండి. అయిపోయాక కళాకారుల దగ్గరికెళ్లి ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని అడగండి. గేటు దగ్గర అడగని టికెట్టుకి మనం కట్టగలిగింది అదే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.