రాగి పలకపై ద్వీపవాసి ముఖం

పసిఫిక్ మహాసముద్ర ద్వీపాలలోని ప్రజలు ఎట్లా ఉంటారో పద్దెనిమిదవ శతాబ్దపు యూరోపుకు తెలిసినది చాలావరకు పుస్తకాలలోని బొమ్మల వల్లనే. 1768 మొదలు కెప్టెన్ జేమ్స్ కుక్ మూడు మారులు ఆ సముద్రానికి యాత్ర సాగించినాడు. ప్రతి యాత్రలోను చిత్రకారులు వెంట ఉన్నారు. వారు వ్రాసిన బొమ్మలు లండనులో రాగి పలకలపై చెక్కబడి, గ్రంథాలలో అచ్చుపడి, దేశదేశాలకు ప్రాకినవి. నేడవి పురాతన వస్తువులుగా ప్రదర్శనశాలల గోడల నలంకరిస్తున్నవి. వాటిని చూచి ఆనందించేవారు ఒక్క ప్రశ్న వేసుకొనవలసి ఉన్నది: ఈ ముఖం ద్వీపవాసిదా, లేక లండను శిల్పి ఊహించినదా?

ఫోటోగ్రఫీ పుట్టని కాలమది. ఓడమీది చిత్రకారుడు వ్రాసి తెచ్చిన బొమ్మను పలుమారులు మరొక చిత్రకారుడు పుస్తకానికి తగినట్లు తిరిగి వ్రాసేవాడు. దానిని చూచి శిల్పి నునుపైన రాగి పలకమీద సన్నని ఉక్కు ఉలితో గీతలు చెక్కేవాడు. అచ్చులో బొమ్మ కుడి ఎడమలుగా తారుమారవుతుంది గనుక, అతడు తిరగవేసి చెక్కవలె. గీతల గాడులలో సిరా నింపి, పైభాగం తుడిచి, తడి కాగితం పరచి, బరువైన రోలరు క్రింద నొక్కితే బొమ్మ దిగుతుంది. ద్వీపవాసికి, పాఠకునికి మధ్య ఇన్ని చేతులు. వాటిలో ద్వీపాన్ని కన్నులారా చూచినది సాధారణంగా ఒక్క చేయి మాత్రమే.

మొదటి యాత్రలోని చిత్రకారుడు సిడ్నీ పార్కిన్‌సన్. జబ్బుతో 1771 జనవరిలో, తిరుగు ప్రయాణంలో, సముద్రంమీదనే మరణించినాడు. అతని దినచర్య 1773లో సోదరుని పూనికతో వెలువడినది. అందులో న్యూజీలాండు మావోరీ నాయకుని శిరస్సు చిత్రం ఒకటి ఉన్నది. ముఖమంతా సుడులు తిరిగిన పచ్చబొట్టు. దానిని మావోరీలు 'మోకో' అంటారు. చిన్న ఉలితో చర్మంలో గాడులు తీసి, అందులో రంగు నింపి దానిని వేసేవారు. రాగి పలకమీద శిల్పి చేసే పని కూడ ఇంచుమించు అటువంటిదే. ఆ సుడులు వంశాన్ని, హోదాను తెలిపేవి. 1840లో బ్రిటిషు వారితో వైటాంగి ఒడంబడిక చేసుకొన్నప్పుడు కొందరు నాయకులు తమ మోకోలోని గీతలనే సంతకంగా వ్రాసినారు. అటువంటి గీతను శిల్పి అందానికని మార్చితే, పరుల సంతకాన్ని మార్చినట్లే కదా!

మార్పులు జరుగకపోలేదు. 1773లోనే వెలువడిన అధికార గ్రంథానికి రాయతేయా ద్వీపపు నాట్యదృశ్యాన్ని చిప్రియాని తిరిగి వ్రాయగా, బార్తొలోజ్జి పలకమీద చెక్కినాడు. ఇద్దరూ లండనులో స్థిరపడిన ఫ్లోరెన్సు నగరవాసులు. వారి చేతిలో ద్వీపపు నర్తకీమణులకు ప్రాచీన రోమక శిల్పాల ఒయ్యారం అబ్బినది.

రెండవ యాత్ర చిత్రకారుడు విలియం హాడ్జెస్. టోంగా దీవులలోని యువా ద్వీపంలో కుక్ దిగిన దృశ్యాన్ని షెర్విన్ అనే శిల్పి చెక్కగా, 1777లో గ్రంథంలో చేర్చినారు. ఆ యాత్రలో తండ్రితో కలిసి ప్రయాణించిన యువకుడు జార్జి ఫార్‌స్టర్ అదే సంవత్సరం తన గ్రంథంలో ఆ చిత్రాన్ని తప్పు పట్టినాడు. అందులో కనబడేవి గ్రీకుల ముఖరేఖలేగాని దక్షిణ సముద్ర ప్రజలవి కావనీ, భుజాలు కప్పుకొనడమే అరుదైన చోట స్త్రీలకు ఆపాదమస్తకం జాలువారే వస్త్రాలు తొడిగినారనీ ఆతని ఆక్షేపణ. కండ్లారా చూచిన సాక్షి మాట అది. ఆనాటి కళాశాలలలో విద్యార్థులు గ్రీకు, రోమక విగ్రహాల నమూనాలను చూచి చిత్రలేఖనం అభ్యసించేవారు. శిల్పి చేయి నేర్చిన దేహమే పలకమీదికి వచ్చినది.

ఈ హాడ్జెస్ తరువాత మన దేశానికి కూడ వచ్చినాడు. 1780లో చెన్నపట్నంలో దిగి, అనంతరం ఉత్తర హిందూస్థానం తిరిగినాడు. ఆ దృశ్యాలను 1785 మొదలు ప్రకటించినప్పుడు రాగి పలకల పని స్వయంగా చేసుకొన్నాడు. పసిఫిక్ ద్వీపాల వారి ముఖాలకు అట్టి భాగ్యం కలుగలేదు.

అన్నిటికంటె ప్రసిద్ధి కెక్కినది కుక్ మరణచిత్రం. 1779 ఫిబ్రవరి 14న హవాయిలోని కెయాలకెకువా అఖాతం ఒడ్డున ద్వీపవాసులతో ఘర్షణలో కుక్ హతుడైనాడు. మూడవ యాత్ర చిత్రకారుడు జాన్ వెబర్ వ్రాసిన బొమ్మ 1784లో అచ్చుపడినది. అందులో కుక్ కాల్పులు ఆపవలసినదని తనవారికి చేయి చాచి సైగ చేస్తున్నాడు. వెనుకనుండి కత్తి లేచినది. శాంతిదూత ఒకవైపు, ఘాతకులు మరొకవైపు. క్లీవ్లీ వ్రాసిన బొమ్మనుండి 1788లో వెలువడిన మరొక అచ్చు కూడ కుక్‌ను శాంతమూర్తిగానే చూపినది. కాని 2004లో ఆ క్లీవ్లీ మూలచిత్రం బయటపడగా, అందులో కుక్ తుపాకి ఎత్తి ముమ్మరంగా పోరాడుతున్నాడు! మూలానికి, అచ్చుకు నడుమ ఒక మనిషి స్వభావమే మారిపోయినది. దానితోపాటు హవాయి ప్రజలమీద ఒక నేరం స్థిరపడినది.

ద్వీపవాసులు తమను తాము చిత్రించుకొనలేదా? చిత్రించినారు. రాయతేయాకు చెందిన పూజారి, నావికాశాస్త్రవేత్త తుపాయియా 1769లో కుక్ ఓడ ఎక్కినాడు. ఓడలో చిత్రలేఖనం అభ్యసించినాడు. అతని బొమ్మలలో ఒకదానిలో ఒక మావోరీ, ఒక ఆంగ్లేయుడు ఎదురెదురుగా నిలిచి ఉన్నారు. ఒకని చేతిలో పెద్ద సముద్రపు రొయ్య, మరొకని చేతిలో గుడ్డముక్క. ఇద్దరూ సమానులు, ఇద్దరూ బేరంలో జాగ్రత్తపరులే. తుపాయియా 1770లో బటేవియాలో కన్నుమూసినాడు. ఆ బొమ్మలు వ్రాసినది అతడేనన్న సంగతి జోసెఫ్ బ్యాంక్స్ 1812లో వ్రాసిన ఉత్తరం ఆధారంగా 1997లోగాని తేలలేదు. అంతవరకు వాటిని ఎవరో పేరు తెలియని యూరోపియను పనిగా భావించినారు.

అయినప్పటికీ ఈ పాత అచ్చులను త్రోసిపుచ్చడానికి వీలులేదు. పడవల కట్టుబడి, నారబట్టల తీరు, పచ్చబొట్ల అమరిక ఎన్నో వాటిలో నిలిచి ఉన్నవి. ఇరవయ్యవ శతాబ్దంలో ద్వీపాలలో పచ్చబొట్టు విద్యను పునరుద్ధరించినవారు పాత యాత్రాచిత్రాలను కూడ పరిశీలించినారు. తాతల ముఖంమీది గీతను మనుమలు పరాయివాని పుస్తకంలో వెదుకుకొనవలసి వచ్చినప్పుడు, ఆ గీత ఎవరి చేయి గీసినదో, ఎవరి చేయి మార్చినదో తెలుసుకొనడం కేవలం పండితుల వినోదం కాదు. వారికది ఇంటి ఆస్తి లెక్క వంటిది.