గంజాయి మొక్క: పొలం కౌలుకిచ్చినవారు తెలుసుకోవలసినవి

1785లో లామార్క్ ‘ఇండికా’ అని పేరు పెట్టింది భారతదేశపు గంజాయి మొక్కకు. నేడు ఆ పేరుతో చెలామణి అవుతున్నది హిందూకుష్ కొండల ఆఫ్ఘన్ రకం. అది పొట్టిగా, గుబురుగా, వెడల్పాటి ఆకులతో ఉంటుంది, త్వరగా కోతకొస్తుంది. మన దేశపు మొక్క పొడవు, ఆకు సన్నం. అందుకే కంది చేలో కలిసిపోతుంది. రెండూ పగటి పొద్దు తగ్గాకే పూస్తాయి. గోగు ఆకు చూసి కంగారు పడవద్దు, దాని పువ్వు పసుపు, నడుమ ముదురు ఎరుపు.

1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టం ప్రకారం గంజాయి సాగుకు పదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. 46వ సెక్షన్ మాత్రం భూమి గలవారికి. తమ పొలంలో ఉందని తెలిసీ వెంటనే పోలీసులకు చెప్పకపోతే వారూ శిక్షార్హులే. ఔరాద్, భాల్కీ పొలాలు కౌలుకిచ్చి బీదర్ టౌన్‌లో ఉంటున్న మనవాళ్లు దసరా దాటాక, పూత వాసన ఘాటుగా వచ్చే రోజుల్లో, చేనంతా ఒకసారి నడిచి చూడాలని మా మనవి. కౌలు కాగితంలో పంట పేరు కూడా రాయించుకోండి.