ఆపిల్ బెరడు నుంచి గుండె గోలీ దాకా

జఫర్‌గఢ్ వైపు పల్లెల్లో గుండె జబ్బు ముచ్చట వస్తే ‘పంపింగ్’ అనే మాట రాక మానదు. "పంపింగ్ ముప్పై శాతమే ఉందన్నరు" అంటారు. ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకు ఎంత వంతు బయటికి పోతుందో ఎకో పరీక్షలో కనిపించే లెక్క అది. మామూలుగా 55 శాతానికి అటూ ఇటూ ఉండాలి. 40కి పడితే గుండె నీరసించినట్టే. వరంగల్‌లో చూపించుకుని, రాసిచ్చిన చీటీ పట్టుకుని మెడికల్ షాపుకు పోతే అందులో ఒకటి షుగర్ గోలీ అని తెలుస్తుంది. "నాకు షుగరే లేదు, ఇదెందుకు?" అని ఆ ఒక్కటీ పక్కన పెట్టేసేవాళ్లున్నారు. డాక్టరు పొరబడలేదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే ఈ మందులు షుగర్ కోసమే పుట్టి గుండె దగ్గర స్థిరపడ్డాయి.

వీటి మూలం ఒక చెట్టు బెరడు. 1835లో యూరప్ రసాయన శాస్త్రజ్ఞులు ఆపిల్ చెట్టు వేరు బెరడు నుంచి ఫ్లోరిజిన్ అనే చేదు పదార్థాన్ని వేరు చేశారు. మలేరియా జ్వరానికి వాడే సింకోనా బెరడులా చేదుగా ఉంది కాబట్టి ఇదీ జ్వరానికి పనికొస్తుందని ఆశపడ్డారు. 1886లో జర్మన్ వైద్యుడు జోసెఫ్ వాన్ మెరింగ్ దాన్ని కుక్కలకిచ్చి చూస్తే మూత్రంలో చక్కెర పడింది. మధుమేహం వచ్చినట్టే ఉంది, కానీ రక్తంలో చక్కెర పెరగలేదు. మూడేళ్ల తర్వాత ఆయనే ఆస్కార్ మింకోవ్‌స్కీతో కలిసి కుక్కకు క్లోమం తీసేస్తే అసలు మధుమేహం వస్తుందని కనిపెట్టాడు. ప్రపంచం దృష్టంతా క్లోమం మీదికి మళ్లింది. 1922లో ఇన్సులిన్ తొలిసారి ఒక రోగికి ఎక్కింది. ఫ్లోరిజిన్ మాత్రం ప్రయోగశాల సీసాల్లోనే మిగిలింది. నోటితో తీసుకుంటే పేగుల్లోనే చాలావరకు విరిగిపోతుంది, పైగా విరేచనాలు. అలాంటిది మందెలా అవుతుంది?

మన కిడ్నీలు రోజుకు సుమారు 180 గ్రాముల గ్లూకోజును వడగట్టి, దాదాపు అంతా తిరిగి రక్తంలోకే లాగేసుకుంటాయి. ఆ లాగే పనిలో తొంభై శాతం ఎస్‌జీఎల్‌టీ-2 అనే ప్రొటీన్‌ది. ఫ్లోరిజిన్ దాన్ని అడ్డుకుంటుంది. 1987లో అమెరికాలో రాల్ఫ్ డిఫ్రాంజో బృందం మధుమేహం ఉన్న ఎలుకలకు ఫ్లోరిజిన్ ఇస్తే చక్కెర అదుపులోకి రావడమే కాదు, ఇన్సులిన్‌కు ఒళ్లు మళ్లీ స్పందించింది. ఆ తర్వాత పేగుల జోలికి పోకుండా కిడ్నీ మీదే పనిచేసే మందుల తయారీ మొదలైంది. మధుమేహానికి గుర్తుగా వేల ఏళ్లుగా చూసిన తీపి మూత్రాన్నే వైద్యంగా మార్చడం నాకెప్పుడూ అబ్బురమే.

ఇక్కడి దాకా గుండె ప్రస్తావనే లేదు. అదే బాధాకరం. షుగర్ ఉన్న ఆడవాళ్లలో గుండె వైఫల్యం ఐదింతలు, మగవాళ్లలో రెండింతలకు పైగా ఎక్కువని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 1974లోనే చెప్పింది. రక్తనాళాలు పూడకపోయినా షుగర్ వల్ల గుండె కండరం దెబ్బతినొచ్చని అంతకు రెండేళ్ల ముందే రాశారు. అయినా ఏళ్ల తరబడి షుగర్ మందును రక్తంలో చక్కెర అంకెతోనే తూచారు. 2007లో రోసిగ్లిటజోన్ అనే మందు గుండెపోటు ముప్పు పెంచుతోందన్న విశ్లేషణ వచ్చాక గగ్గోలు పుట్టింది. కొత్త షుగర్ మందు ఏదైనా గుండెకు హాని చెయ్యదని రుజువు చెయ్యాలని అమెరికా ఔషధ సంస్థ 2008లో షరతు పెట్టింది.

ఆ షరతు వల్లే అసలు సంగతి బయటపడింది. గుండె జబ్బూ షుగరూ రెండూ ఉన్న 7,020 మందిపై ఎంపాగ్లిఫ్లోజిన్ పరీక్ష జరిగింది. 2015 సెప్టెంబరులో స్టాక్‌హోమ్ సభలో ఫలితాలు చెప్పారు. గుండె, రక్తనాళాల జబ్బు మరణాలు 38 శాతం తగ్గాయి. గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం 35 శాతం తగ్గింది. చిత్రంగా, గుండెపోట్లు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అంటే మేలు రక్తనాళాల పూడిక దగ్గర కాదు, గుండె పనితీరు దగ్గర జరుగుతోంది. అయితే షుగర్ లేనివాళ్లకూ పనికిరావాలి కదా? 2019లో డాపాగ్లిఫ్లోజిన్‌తో పంపింగ్ తగ్గిన 4,744 మందిని పరీక్షించారు. వాళ్లలో సగానికి పైగా షుగర్ లేనివాళ్లే. జబ్బు ముదరడమో గుండె జబ్బుతో మరణించడమో 26 శాతం తగ్గింది, షుగర్ ఉన్నా లేకున్నా ఒకే తీరుగా.

ఎందుకు పనిచేస్తోందన్న చర్చ ఇంకా తెగలేదు. ఉప్పూ నీరూ మూత్రంలో పోయి గుండెకు బరువు తగ్గుతుందనేది ఒక వివరణ. కిడ్నీ బాగుంటే గుండె బాగుంటుందనేది ఇంకోటి. అలసిన కండరానికి శక్తి అందే తీరు మారుతుందనేవాళ్లూ ఉన్నారు. గుండె ప్రతి కొట్టుకూ ఖర్చయ్యే ఆ శక్తి అణువు ఏటీపీని 1929లో వెలికితీసినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

ఇంత మంచి మందు పేదలకు అందకపోతే ఏం లాభం? మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ మొదటి పేటెంటు 2020 అక్టోబరులో ముగిసింది. రెండో పేటెంటు చూపించి జనరిక్ కంపెనీలను ఆపాలని మూల కంపెనీ కోరితే ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు. ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025 మార్చిలో తీరిపోయింది. అరవై రూపాయల దాకా పలికిన గోలీ పదికి అటూ ఇటూ దిగింది.

ధర దిగాక మిగిలింది గుర్తుపట్టడమే. పదేళ్లుగా షుగర్ ఉన్న మనిషికి నాలుగడుగులు వేస్తే దమ్ము వస్తున్నా, రాత్రి తల కింద రెండు మెత్తలు లేనిదే నిద్ర పట్టకపోయినా, సాయంత్రానికి కాళ్లు ఉబ్బుతున్నా వయసు మీద పడిందని సరిపెట్టుకోవద్దు. జనగామకో వరంగల్‌కో పోయి ఎకో తీయించుకోవాలి. గోలీ మొదలుపెట్టాక వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు, ఏమీ తినలేని రోజు, ఆపరేషన్‌కు ముందు దాన్ని ఆపాలేమో డాక్టరును అడగాలి. ఒక్కపొద్దులు, రోజాలు ఉండేవాళ్లు ముందే చెప్పాలి. మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టి కొందరికి ఆ చోట దురద, మంట వస్తాయి. ఆడవాళ్లు సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా గోలీనే మానేస్తారు. అది చాలామందిలో చిన్న మందుతో తగ్గిపోయే ఫంగస్. డాక్టరుకు చెప్పలేకపోతే ఊళ్లో ఆశా కార్యకర్తకో ఏఎన్‌ఎంకో చెప్పొచ్చు.