మెకాడం గారి మెయింటెనెన్సు

మన ఆర్ అండ్ బీ వాళ్ళ రోడ్డు టెండర్లు చూస్తే ఒక పేరు తరచూ కనబడుతుంది. వాటర్ బౌండ్ మెకాడం, బిటుమినస్ మెకాడం, డెన్స్ బిటుమినస్ మెకాడం.. ఇది రాయి రకమూ కాదు, మిషను పేరూ కాదు. ఓ మనిషి పేరు. జాన్ లూడన్ మెకాడం, 1756లో స్కాట్లండులో పుట్టాడు. కుర్రతనంలోనే న్యూయార్కులో ఉన్న బంధువు దగ్గరికెళ్ళి, వ్యాపారంలో బాగా సంపాదించి, 1783లో ఇంటికొచ్చేశాడు. ఇంజనీరింగు చదవలేదు. (సివిల్ చదివి సాఫ్ట్‌వేర్లోకొచ్చిన మనవాళ్ళకి సరిగ్గా రివర్సన్నమాట :-))

సొంతూరి దగ్గర టర్న్‌పైక్ ట్రస్టులో మెంబరయ్యాక ఆయనకి రోడ్ల పిచ్చి పట్టుకుంది. టర్న్‌పైక్ అంటే మన టోల్ రోడ్డు లాంటిదే. సొంత డబ్బు పెట్టుకుని ఏళ్ళ తరబడి దేశమంతా తిరిగి రోడ్లు చూశాడు. చివరికి 1816లో బ్రిస్టల్ ట్రస్టుకి సర్వేయరయ్యాడు.

ఆయన కొత్తరకం రోడ్డు కనిపెట్టాడని అందరూ చెప్తారు. నిజమే కానీ, బ్రిస్టల్లో ఆయన ముఖ్యంగా చేసింది రిపేరు. అప్పటిదాకా పద్ధతేమిటంటే, గుంత పడితే దాంట్లో ఓ బండెడు రాళ్ళూ మట్టీ పోసెయ్యడం. మళ్ళీ పడితే ఇంకో బండెడు. మెకాడం ఏం చేశాడంటే, ఆ రోడ్డుని పలుగులతో తవ్వించి, పెద్దరాళ్ళు ఏరించి, ఒక్కోటీ ఆరు ఔన్సులు (మన లెక్కలో 170 గ్రాములు) మించకుండా కొట్టించి, మట్టి కలవకుండా మళ్ళీ అక్కడే పరిపించాడు. చాలా చోట్ల రాయి కొత్తగా కొనాల్సిన పనే లేదు, రోడ్డులోనే ఉంది. ఇప్పుడైతే దీన్ని రీఫాక్టరింగ్ అంటాం. కూర్చుని చిన్న సుత్తితో కొట్టే పని కాబట్టి ఆడవాళ్ళూ, ముసలివాళ్ళూ, పిల్లలు కూడా చేశారు. నోట్లో పట్టేంత రాయి అయితే సైజు సరిపోయినట్టని కొలత పెట్టారనీ, ఓ పనివాడికి పళ్ళే లేకపోవడంతో లెక్క తప్పిందనీ ఒక కథ ఉంది. కథే అనుకోండి.

ఇంతకీ చిన్నరాళ్ళే ఎందుకు? ఆయన వాదన ప్రకారం బండి బరువుని మోసేది అసలు కింద ఉన్న నేల. అది పొడిగా ఉన్నంతకాలం మోస్తుంది, తడిస్తే కుంగుతుంది. పైన వేసే కంకర ఇంటికప్పు లాంటిది. చిన్నరాళ్ళయితే చక్రాల కింద నలిగి ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడతాయి, నీళ్ళు దిగవు. అదే కాలంలో థామస్ టెల్‌ఫర్డ్ పెద్ద పెద్ద రాళ్ళతో పునాది వేసి రోడ్డు కట్టేవాడు. బాగానే ఉండేది, ఖర్చే ఎక్కువ. మెకాడం మాత్రం నేలని పొడిగా ఉంచగలిగితే ఆ పునాది అక్కర్లేదన్నాడు.

ఆ తర్వాత మోటారు కార్లొచ్చాయి. ఇనప చక్రాలు రాయిని నలిపి పొడిచేస్తే, రబ్బరు టైర్లు ఆ పొడినే లేపేశాయి. ఒకటే దుమ్ము. 1902లో మొనాకోలో ఎర్నెస్ట్ గుగ్లియెల్మినెట్టి అనే డాక్టరు (అవును, రోగుల డాక్టరే) రోడ్డు మీద తారు పోయించాడు. అదే ఏడాది ఇంగ్లండులో ఎడ్గర్ హూలీ టార్‌మాక్‌కి పేటెంటు తీసుకున్నాడు. టార్‌మాక్‌లో మాక్ మళ్ళీ మెకాడమే. అన్నట్టు మనం 'తారు రోడ్డు' అంటున్నా, ఇప్పుడు మామూలుగా వేసేది బొగ్గు నుంచి తీసే తారు కాదు, పెట్రోలియం నుంచొచ్చే బిటుమెన్.

ఆ అసలు తారు చాలాకాలం మిగిలిపోయిన చోటు అమెరికాలో ఇళ్ళ ముందుండే డ్రైవ్‌వేలు. పైన నల్లగా పూసే సీల్‌కోట్ రకాల్లో ఒకటి బొగ్గుతారుదే. అది వానకి కొట్టుకుపోయి వాగుల్లో విషాలు చేరుస్తోందని తేలాక, 2005లో ఆస్టిన్ నగరం దాన్ని నిషేధించింది. అక్కడున్న మనవాళ్ళకి నేను చెప్పేదేమంటే, పూత ఏదైనా డ్రైవ్‌వేకి కొత్త బలం రాదు. ఎండకి బిటుమెన్ పెళుసెక్కి పగుళ్ళిస్తుంది. ముందు పగుళ్ళు శుభ్రం చేసి మూయించండి. నలుపు తర్వాత. చాలామంది నలుపు చూసి సంబరపడిపోతారు, నీళ్ళు మాత్రం పగుళ్ళలోంచి కిందకి దిగుతూనే ఉంటాయి.

ఇక మన దగ్గర వానాకాలం ప్యాచ్‌వర్కు సంగతి. గుంత అంచులు నిలువుగా కోసి, లూజు సరుకంతా తీసేసి, ఆరబెట్టి, అడుగునా అంచులకీ బిటుమెన్ పూత వేసి, వేడి మిక్సు పోసి, రోలరుతో బాగా దట్టించాలి. చాలాచోట్ల జరిగేది? గుంతలో నీళ్ళుండగానే తట్టెడు కంకర పోసి పారతో రెండు దెబ్బలు. 1816కి ముందు బ్రిస్టల్లో పద్ధతి అదే కదా! పక్కన డ్రైనేజీ పూడిపోయి రోడ్డు మీద మోకాటిలోతు నీళ్ళుంటాయి. ఆ డ్రైనేజీది వేరే టెండరు, వేరే కాంట్రాక్టరు.