మందు కన్నా ముందే పుట్టిన మొండితనం

1960 అక్టోబరులో లండన్‌లోని కోలిండేల్ ప్రయోగశాలకు గిల్డ్‌ఫర్డ్ ఆస్పత్రి నుంచి ఒక నమూనా వచ్చింది. అందులోని స్టాఫ్ బ్యాక్టీరియా, అప్పుడప్పుడే వాడకంలోకి వచ్చిన మెథిసిలిన్ అనే మందుకు లొంగలేదు. అక్కడి శాస్త్రవేత్త ప్యాట్రీషియా జెవన్స్ 5,000కు పైగా నమూనాలు పరీక్షిస్తే అలాంటివి మూడే దొరికాయి. మూడూ ఆ ఒక్క ఆస్పత్రివే. 1961 జనవరిలో ఆమె బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కు రాసిన చిన్న లేఖతో, ఇవాళ ఎంఆర్ఎస్ఏ అంటున్న మొండి స్టాఫ్‌కు ఒక పుట్టిన తేదీ ఏర్పడింది. ఆ తేదీ సరికాదని తేలడానికి యాభై ఏళ్లు దాటింది.

స్టాఫ్ మనతోనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ముగ్గురిలో ఒకరి ముక్కులో కనిపిస్తుంది. చర్మం గీరుకుపోతే దూరి సెగగడ్డ లేపుతుంది, నెత్తురులోకి పాకితే ప్రాణం తీస్తుంది. 1928లో ఫ్లెమింగ్ పళ్లెంలో పెరుగుతున్నదీ ఇదే. బూజు దాన్ని కరిగించడం ఆయన కంట పడబట్టే పెన్సిలిన్ మన చేతికొచ్చింది.

ఆ ఊరట ఎంతోకాలం నిలవలేదు. లండన్ హేమర్‌స్మిత్ ఆస్పత్రిలో మేరీ బార్బర్ లెక్క తీస్తే, పెన్సిలిన్‌కు లొంగని స్టాఫ్ 1946లో 14 శాతం, 1948లో 59 శాతం. అది ఒక ఎంజైముతో మందునే తుంచేస్తోంది. అదే 1948లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలోని లెడర్లీ పరిశోధనశాల నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్లు అనే మరో జాతి మందుల్లో అదే మొదటిది. 1950లలో ఆస్పత్రుల్లోని స్టాఫ్ బ్యాక్టీరియా ఆ మందులనూ తట్టుకోవడం నేర్చింది. చివరికి ఆ ఎంజైము తుంచలేని పెన్సిలిన్‌గా బీచమ్ కంపెనీ మెథిసిలిన్‌ను తయారుచేసింది.

మెథిసిలిన్ వాడాం కాబట్టి మెథిసిలిన్‌కు లొంగని స్టాఫ్ వచ్చిందని అందరూ అనుకున్నారు. కోలిండేల్‌లో దాచి ఉంచిన పాత నమూనాల జన్యువులను చదివిన శాస్త్రవేత్తలు 2017లో వేరే మాట చెప్పారు. మెక్-ఏ అనే జన్యువు స్టాఫ్‌లోకి చేరింది 1940ల నడుమ, అంటే మెథిసిలిన్ పుట్టడానికి దాదాపు పదిహేనేళ్ల ముందు. పెన్సిలిన్ జాతి మందులు బ్యాక్టీరియా గోడ కట్టే ప్రోటీన్‌కు అతుక్కుని దాని పని ఆపేస్తాయి. మెక్-ఏ ఉన్న స్టాఫ్, చేతులు కట్టేసిన మేస్త్రీని వదిలి ఇంకో మేస్త్రీని పిలిచినట్టు, మందు అతుక్కోని వేరే ప్రోటీన్‌తో గోడ కట్టుకుంటుంది. అలాంటి స్టాఫ్‌ను ఏరి పెంచింది పెన్సిలిన్ వాడకమే. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే: ఇవాళ విచ్చలవిడిగా వాడే మందు, ఇంకా పుట్టని మందును కూడా ముందే చెడగొట్టగలదు.

2022లో ఈ మొండితనం చరిత్ర ఇంకా వెనక్కి జరిగింది. యూరప్‌లో తిరిగే హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ల జంతువు చర్మం మీద ఒక బూజు పెరుగుతుంది. అది పెన్సిలిన్ లాంటి పదార్థాలను స్రవిస్తుంది. దాని పక్కనే బతకాల్సిన స్టాఫ్, మెక్-ఏకు దాయాది అయిన మెక్-సీ జన్యువుతో 1800లలోనే మొండికేసిందని తేలింది. మనుషులకు వచ్చే జబ్బుల్లో ఆ రకం వాటా చాలా తక్కువే. మొండితనం పుట్టుక ప్రకృతిదే, అది వార్డుల నిండా వ్యాపించడం మాత్రం మన చేతలవల్ల.

మన చేతలతోనే తగ్గుతుందని ఇంగ్లండ్ రుజువు చేసింది. అక్కడ నెత్తురులో ఎంఆర్ఎస్ఏ కేసులు 2003–04లో 7,700 వరకూ ఉండేవి. ప్రభుత్వం ప్రతి ఆస్పత్రినీ లెక్క చెప్పమంది. చేతులు కడుక్కోవడం, సెలైన్ గొట్టాలను శుభ్రంగా ఉంచడం, రోగులను చేర్చుకునేటప్పుడే పరీక్షించడం కట్టుదిట్టం చేశారు. అయిదేళ్లలో కేసులు 3,000 లోపుకు దిగాయి.

మన దగ్గర దారి ఎదురు దిశలో సాగింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిఘాలో ఉన్న ఆస్పత్రుల్లో స్టాఫ్ నమూనాల్లో ఎంఆర్ఎస్ఏ వాటా 2016లో 28.4 శాతం ఉంటే, 2021లో 42.6 శాతమైంది. ఆస్పత్రి గడప తొక్కనివారికీ సోకే ఒక రకం భారత ఉపఖండంలోనే పుట్టి, ప్రయాణికులతో యూరప్, ఆస్ట్రేలియా దాకా వెళ్లింది. శాస్త్రవేత్తలు దానికి మన బంగాళాఖాతం పేరే పెట్టారు. చీము తీసి శుభ్రం చేస్తే చాలాసార్లు మానిపోయే చిన్న సెగగడ్డకు కూడా మనం చీటీ లేకుండా మందుల షాపులో యాంటీబయాటిక్ కొని, రెండు రోజులు మింగి ఆపేస్తున్నాం.